పలక కింద పేరు

ఫోను వచ్చినప్పుడు పర్శరాములు చొప్పదండి బస్టాండు ఎదురుగా ఉన్న తన దుకాణంలో బావి మోటారు స్టార్టరు ఒకటి విప్పుకొని కూర్చున్నాడు. అరవై ఏడేళ్ల మనిషి. ముప్పై ఏళ్లకు పైగా అదే దుకాణంలో టీవీలు, మిక్సీలు, స్టార్టర్లు బాగుచేస్తున్నాడు.

"అంకుల్, నా పేరు రుచిత. కరీంనగర్ దగ్గర ఇంజినీరింగ్ కాలేజీల లెక్చరర్‌ను. పాత డబ్బా టీవీలు మీరే మంచిగ చేస్తరని చెప్పిన్రు. మా దగ్గర ఒక పాత మిషనుంది. శుక్రవారం ఫంక్షన్. ఆలోపల అది వెలగాలె."

"ఏం మిషను బిడ్డా?"

"పాత కంప్యూటర్ అంకుల్. టీవీకి తగిలిచ్చి నడిపేది. ఎవలకు చూపిచ్చినా మాకు తెల్వదంటున్నరు."

మర్నాడు పొద్దున బస్సెక్కి పోయాడు. కాలేజీ లైబ్రరీ ముందటి హాల్లో పాత కంప్యూటర్ల ప్రదర్శన కోసం గోడ పొడుగునా అద్దాల పెట్టెలు పెట్టారు. ఫ్లాపీలు, పెద్ద పెద్ద ప్రింటర్లు, పసుపు పచ్చబడిన కీబోర్డులు. మధ్యలో, అన్నిటికన్నా ఎత్తు మీద, బూడిద రంగు ఫైబరు డబ్బా ఒకటి ఉంది. ముందు వైపు మీటలు, పైన ఎర్ర అక్షరాలతో ఒకే మాట: పలక.

పర్శరాములు చేతిలో సంచీ కింద పెట్టాడు. ఆ డబ్బా కింద ఇత్తడి రేకు మీద చెక్కిన అక్షరాలు చదివాడు. "పలక, 1986. తెలుగులో రాసిన తొలి ఇంటి కంప్యూటర్. రూపకర్త, నిర్మాత: శ్రీ విద్యాధర్‌రావు, చైర్మన్."

మళ్లీ చదివాడు.

"గిది ఎవలు రాసిన్రు?"

"మా చైర్మన్ సారే చెప్పి రాయిచ్చిన్రు అంకుల్. అప్పట్ల సారు ఒక్కరే కూసోని తయారు చేసిన్రంట. గ్రేట్ కదా?"

"మీ సారుకు సోల్డరు పట్టుకునుడు వస్తదా బిడ్డా?"

రుచితకు ఆ మాట అర్థం కాలేదు. ముప్పై ఏళ్లుండవు ఆమెకు. తనేదో తప్పు మాట్లాడినట్టు చూసింది.

"డబ్బా ఇప్పకముందే చెప్తున్న, ఇను," అన్నాడు పర్శరాములు. "లోపల ఎడమదిక్కు నల్ల వైరు ఒకటి బోర్డు మీదికెళ్లి అడ్డంగ పోతది. అది అక్కడ ఉండద్దు. బోర్డు గీసినప్పుడు ఒక గీత మరిచిన నేను. బోర్డులన్నీ అచ్చయినంక చూసుకున్న. నూటా అరవై మిషన్లల్ల నూటా అరవై వైర్లు నా చేత్తోని అతికిచ్చిన. ఇప్పి చూడు. లేకపోతే నన్ను బయటికి నూకు."

రుచిత స్క్రూడ్రైవరు తీసుకుంది. నాలుగు మరలు విప్పి మూత లేపింది. నల్ల వైరు అక్కడే ఉంది, ఎడమ పక్క, అడ్డంగా. ఆమె దాన్ని చూసింది, ఆయన్ని చూసింది.

"సార్, కూసోండ్రి," అంది. కుర్చీ జరిపింది.

*

పర్శరాములుది మగ్గాల ఇల్లు. తండ్రి సాంచాలనే మరమగ్గాల మీద పనిచేసి ఒక్క కొడుకును పాలిటెక్నిక్ చదివించాడు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేతికొచ్చిన నాలుగేళ్లకు హైదరాబాదులో విద్యాధర్‌రావు పరిచయమయ్యాడు. పెద్దపల్లి దిక్కు భూస్వాముల కుటుంబం. అమెరికా పత్రికల్లో ఇంటి కంప్యూటర్ల బొమ్మలు చూసి, మనమూ ఒకటి చేద్దామని నాచారంలో రేకుల షెడ్డు తీసుకొని కూర్చున్నాడు. చేసే మనిషి కావాలి. పర్శరాములు దొరికాడు.

రెండేళ్లు ఆ షెడ్డులోనే తిని, ఆ షెడ్డులోనే పడుకున్నాడు. చిప్పుల గురించి చెప్పేవాడు లేడు, పుస్తకాలు లేవు. కోఠిలో పాత పుస్తకాల కుప్పల్లో వెతికి తెచ్చిన ఒక చిరిగిన పుస్తకమే గురువు. బోర్డు గీశాడు, చెరిపాడు, మళ్లీ గీశాడు. కైలాసం అని కారు బంపర్లకు ఫైబరు పోసే మనిషి డబ్బా అచ్చు పోశాడు. దేశమంతా ఇంగ్లిషు కంప్యూటర్లే వస్తున్న రోజుల్లో టీవీ తెర మీద 'అ' అని కనిపించిన నాడు ముగ్గురూ షెడ్డు బయటికొచ్చి కేకలు పెట్టారు.

నూటా అరవై మిషన్లు అమ్మారు. ఎక్కువ బళ్లే కొన్నాయి. బాగోగులు చూడటానికి పర్శరాములు ఒకసారి ఆదిలాబాదు దిక్కు పోయాడు. నాలుగు బళ్లు తిరిగితే నాలుగింట్లోనూ పలక హెడ్మాస్టరు గదిలో, బట్ట కప్పి, కుంకుమబొట్టు పెట్టి, తాళం వేసి ఉంది. పిల్లలు ముడితే ఖరాబైతదని. ఆ రోజు ఒక హెడ్మాస్టరుతో కొట్లాడినంత పనిచేసి వచ్చాడు. ఆ తర్వాత బయటి నుంచి మిషన్లు వరదలా వచ్చాయి. కంపెనీ మూతపడింది. విద్యాధర్‌రావు కాలేజీలు పెట్టాడు. పర్శరాములు పెట్టే సర్దుకొని చొప్పదండి వచ్చాడు. కైలాసం పదేళ్ల కింద పోయాడు, వాడి చావుకు కూడా పర్శరాములు తప్ప పలక సంగతి తెలిసినవాళ్లు ఎవరూ రాలేదు.

పలక పోయినందుకు పర్శరాములు ఏనాడూ ఏడవలేదు. ఒక కాలం వచ్చింది, ఒక కాలం పోయింది అనుకున్నాడు. కానీ ఇది పోవటం కాదు. ఇది గుంజుకోవటం.

*

రుచిత ఫోను చేసిన అరగంటకు విద్యాధర్‌రావు వచ్చాడు. డెబ్బై నాలుగేళ్లు, తెల్ల లాల్చీ, చేతికర్ర. పర్శరాములును చూసి ఆగాడు. తరువాత నవ్వాడు.

"అరె, పర్శరాములూ! నువ్వా? ఎన్నేండ్లాయె! ఇంక నడుస్తున్నదా దుకాణం? మంచిగ దొరికినవ్. జర గిది వెలిగియ్యి. శుక్రవారం స్టేజీ మీద శాలువా కప్పుత నీకు."

"ఏమని కప్పుతరు సార్?"

"అంటే?"

"శాలువా కప్పేటప్పుడు మైకుల ఏమని చెప్తరు? రిపేరోడని చెప్తరా?"

విద్యాధర్‌రావు రుచిత వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

"ఓ, రేకు మీది పేరు సంగతా? ఫికర్ చెయ్యకు. అట్ల రాస్తరు. ఏ కంపెనీకైనా ముందట ఒక్క పేరే ఉంటది. టెక్నికల్ సాయం అని నీ పేరు కింద రాయిస్త, సరేనా?"

"సాయమా?" పర్శరాములు లేచి నిలబడ్డాడు. "ఎవలు ఎవలకు సాయం చేసిన్రు సార్? బోర్డు ఏ మూలకెళ్లి మొదలుపెట్టిన్నో మీకు ఎరుకనా? ఒక్క చిప్పు పేరు చెప్పున్రి. ఒక్కటి. ఈ పిల్ల ముందట చెప్పున్రి."

"గొంతు లేపకు," అన్నాడు విద్యాధర్‌రావు. ఆయన మొహంలో నవ్వు పోయింది. "నువ్వు షెడ్డుల కూసోని గీసుకుంటుంటే చిప్పులు ఆకాశంకెళ్లి పడ్డయా? వాటిని బయటి దేశం నుంచి తెప్పియ్యాల్నంటే లైసెన్సు కావాలె. ఆ లైసెన్సు కోసం రెండేండ్లు ఢిల్లీల ఆఫీసుల ముందట నిలబడ్డ. గుమస్తాలకు దండాలు పెట్టిన. మా బాపు పోయిన నాడు కూడా నేను ఢిల్లీలనే ఉన్న. అది లెక్కల లేదా?"

ఆ మాట నిజమే. పర్శరాములుకు తెలుసు. ఆ రోజు టెలిగ్రాం అందుకున్నది తనే.

"ఉన్నది. ఎందుకు లేదు? మీరు తిరిగిన్రు. తిరిగినోడని రాసుకోండ్రి. చేసినోడని రాయకున్రి."

"రేకు చెక్కిచ్చిన. గెస్టులను పిలిచిన. ఇప్పుడు మారదు."

"ఐతే ఇది వెలగదు."

సంచీ భుజాన వేసుకొని పర్శరాములు బయటికి నడిచాడు. వెనక నుంచి విద్యాధర్‌రావు ఏదో అన్నాడు. వినిపించుకోలేదు.

*

ఇంట్లో అతని భార్య సక్కుబాయి వాకిట్లో చాట ముందు పెట్టుకొని బీడీలు చుడుతోంది. పర్శరాములు చెప్పులు విసిరినట్టు విడిచాడు. నిలబడే మొదలుపెట్టాడు. రేకు సంగతి, శాలువా సంగతి, సాయం అన్న మాట, అన్నీ చెప్పాడు. మంచినీళ్లు తాగాడు, మళ్లీ చెప్పాడు. "నా రెక్కల కష్టం. నా రెండేండ్లు. నేను చేసిన మిషను మీద వాని పేరా? నేను అన్నం నీళ్లు మరిచి..."

సక్కుబాయి వేళ్లు ఆగలేదు. బీడీకి దారం చుట్టింది, కట్టలో పెట్టింది.

"ఏం మాట్లాడవేందే? నేను ఇంత పరేషాన్‌ల ఉంటే?"

"అక్షరాలు ఎవలు గీసిన్రు?" అంది ఆమె.

"ఏం అక్షరాలు?"

"ఆ మిషన్ల అక్షరాలు. అ నుంచి బండి ర దాకా. గుణింతాలు, ఒత్తులు. ఎవలు గీసిన్రు?"

పర్శరాములు చెంబు కింద పెట్టి గడప మీద కూర్చున్నాడు.

సక్కుబాయి తండ్రి సిరిసిల్లలో చీరల అంచులకు డిజైన్లు గీసేవాడు. గళ్ల కాగితం మీద ఒక్కొక్క గడి నింపుతూ పువ్వు తెప్పించేవాడు. ఏడో తరగతితో బడి మానేసిన సక్కుబాయి ఆయన పక్కన కూర్చొని అదే పని నేర్చుకుంది. పెళ్లయి నాచారం వచ్చి షెడ్డు వెనక గదిలో కాపురం పెట్టిన కొత్తలో భర్త గళ్ల కాగితం మీద 'క' గీయలేక తల పట్టుకోవటం చూసి పెన్సిల్ అందుకుంది. పదహారు గళ్ల ఎత్తు, పదహారు గళ్ల వెడల్పు. అందులో తెలుగు అక్షరం పట్టాలి, చదివితే చదవరావాలి. ప గీస్తే వ లాగా, ష గీస్తే ఫ లాగా కనిపించేవి. ఒక్క గడి నింపాలా వద్దా అని ఒక పూటంతా చూసేది. తొమ్మిది నెలలు గీసింది. ఆమె నింపిన గళ్లను అంకెలుగా మార్చి చిప్పులోకి ఎక్కించటం పర్శరాములు పని.

"పేపరాయన వచ్చిండు, యాదికుందా?" అంది సక్కుబాయి. ఇప్పుడు చేతులు ఆగాయి. "మీ ఇద్దరినీ నిలబెట్టి ఫొటో తీసిండు. నేను చాయ్ తెచ్చిన. ఇంత అందంగ అక్షరాలు ఎవలు గీసిన్రని అడిగిండు. నేను అక్కడ్నే ఉన్న, కప్పులు పట్టుకొని. నువ్వేమన్నవ్?"

అతనికి జ్ఞాపకం ఉంది.

"మేమే గీసినం అన్నవ్. మేము అంటే ఎవలయ్యా? నువ్వూ, విద్యాధర్‌రావు సారూ? నీ పేరు ఆయన గుంజుకున్నడని ఇయ్యాల ఇల్లు లేపుతున్నవ్. నా పేరు నువ్వు గుంజుకొని నలభై ఏండ్లాయె. నేను ఎవల మీద ఒర్రాలె?"

"గది ఇది ఒక్కటేనా? అప్పుడు నోట్లెకెళ్లి అట్ల వచ్చింది. కావాలని అన్ననా?"

"ఆయన కూడా గట్లనే అంటడు. అట్ల రాస్తరు అన్నడట గద."

పర్శరాములు కోపం తిరిగి ఆమె మీదికే పోయింది. ఇన్నాళ్లు ఎందుకు అడగలేదని అరిచాడు. అడిగితే ఇచ్చేదా అని ఆమె అరిచింది. పక్కింటివాళ్లు గోడ మీది నుంచి చూశారు. చివరికి అతను, "ఆ కాయితాలు ఉన్నయా? గళ్ల కాయితాలు? ఉంటే తీస్కపోయి వాని మొఖాన పెడుదాం," అన్నాడు.

"లేవు. చొప్పదండి వచ్చిన ఏడు పొయ్యిల పెట్టిన. నీ తానానికే నీళ్లు కాగబెట్టిన."

ఆ మాట తరువాత ఇద్దరి మధ్యా మాటలు లేవు. పర్శరాములు దుకాణానికి పోయి కూర్చున్నాడు. పని ముట్టబుద్ధి కాలేదు. తన పేరు లేని ఆ రేకు తలుచుకుంటే మండుతోంది. తలుచుకున్న ప్రతిసారీ కప్పులు పట్టుకొని నిలబడ్డ ఇరవై ఏళ్ల పిల్ల అడ్డం వస్తోంది. ఆ రోజు ఆమె ఏ చీర కట్టుకుందో కూడా అతనికి గుర్తులేదు. చాయ్ బాగుందని పేపరాయన అన్నది గుర్తుంది.

గురువారం పొద్దున అన్నం పెడుతూ సక్కుబాయే నోరు తెరిచింది.

"నేను చూస్త."

"ఏంది?"

"నా అక్షరాలు. టీవీల వెలగంగ ఒక్కపారి చూస్త. నువ్వు బాగుచెయ్యి. వాని కోసం కాదు, నా కోసం చెయ్యి."

*

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికే ఇద్దరూ కాలేజీకి చేరారు. రుచిత తలుపు తీసింది. పర్శరాములు మిషను విప్పాడు. కరెంటు ఇచ్చే భాగంలో కెపాసిటర్లు ఉబ్బిపోయాయి. మార్చాడు. అక్షరాల చిప్పు కాళ్లకు తుప్పు పట్టింది. బ్లేడుతో గీకి, స్పిరిట్‌తో తుడిచి మళ్లీ గుచ్చాడు. రెండు గంటలు పట్టింది. టీవీ తగిలించి స్విచ్ వేశాడు.

తెర మినుకుమంది, గీతలు పాకాయి, నిలబడింది. నల్లటి తెర మీద పచ్చగా అ, ఆ, ఇ, ఈ వరసగా వచ్చాయి.

సక్కుబాయి కుర్చీ లోంచి లేచి తెర దగ్గరికి మొహం పెట్టింది. కళ్లద్దాలు సవరించుకుంది.

"ఫ చూడు," అంది. "పొట్ట కింద గీత ఒక గడి పక్కకు జరుపుమన్న ఆనాడే. జరపలే నువ్వు."

పర్శరాములు చూశాడు. నిజంగానే జరపలేదు.

"ఇత్తడి రేకు మారిందా బిడ్డా?" అని అడిగాడు రుచితను.

"మారలే సార్. నేను అడిగిన. నీ పని నువ్వు చూసుకో అన్నరు."

పదకొండింటికి ఫంక్షన్ మొదలైంది. హాలు నిండా పిల్లలు, ముందు వరసలో గెస్టులు. పర్శరాములుకు, సక్కుబాయికి చివరి వరసలో కుర్చీలు దొరికాయి. విద్యాధర్‌రావు మైకు ముందు మాట్లాడాడు. నాచారం షెడ్డు గురించి చెప్పాడు, చిరిగిన పుస్తకం గురించి కూడా చెప్పాడు. ఆ పుస్తకం కోఠిలో తను వెతికి తెచ్చినట్టే చెప్పాడు. పర్శరాములు కుర్చీ చేయి పట్టుకున్నాడు. సక్కుబాయి అతని మణికట్టు మీద చేయి వేసింది. లేవద్దని కాదు, కాసేపు ఆగమని.

"ఇప్పుడు సారే స్వయంగా పలక మీద కాలేజీ పేరు రాస్తారు," అని ప్రకటించారు. చప్పట్లు. పిల్లలు ఫోన్లు పైకెత్తారు.

విద్యాధర్‌రావు మీటల ముందు కూర్చున్నాడు. మీటల మీద ఒకప్పుడు సక్కుబాయి రాసి అంటించిన తెలుగు కాగితాలు ఎప్పుడో రాలిపోయాయి. మిగిలినవి ఇంగ్లిషు అక్షరాలే. ఏ మీట కొడితే ఏ అక్షరం వస్తుందో తెలియాలి. ఆయన ఒకటి నొక్కాడు. 'ఠ' వచ్చింది. ఇంకోటి నొక్కాడు. దాని కింద ఒత్తు వచ్చి చేరింది. చెరపటం ఎలాగో తెలియక నాలుగైదు మీటలు నొక్కాడు. తెర నిండా అర్థం లేని అక్షరాలు. పిల్లల్లో ఎవరో నవ్వారు.

"పాతది కదా, మొరాయిస్తున్నది," అన్నాడు మైకులో. కళ్లు చివరి వరసకు పోయాయి. "పర్శరాములూ, జర రా. చూడు."

పర్శరాములు లేచి నిలబడ్డాడు. కానీ కదలలేదు.

"మిషను మంచిగనే ఉన్నది సార్," అన్నాడు. మైకు లేకపోయినా హాలంతా వినిపించింది. "పొద్దున్నే నేనే చేసిన. చేసినోళ్లకు ఏ మీట యాడుందో ఎరుకుంటది గద. రూపకర్త అని రాసుకున్నవ్. కొట్టు. నీ కాలేజీ పేరు కొట్టు."

నలభై ఏళ్లలో మొదటిసారి ఆయన్ని నువ్వు అన్నాడు.

"ఈ మిషను బోర్డు గీసింది నేను, పర్శరాములును. డబ్బా పోసింది కైలాసం, లేడిప్పుడు. అక్షరాలు గీసింది ఈమె, సక్కుబాయి, నా భార్య. ఆనాడు పేపరాయనకు ఈమె పేరు చెప్పకుంట నేను దొంగతనం చేసిన. అది నా తప్పు. ఇయ్యాల అందరి ముందట ఒప్పుకుంటున్న. నువ్వు ఒప్పుకుంటవా?"

విద్యాధర్‌రావు లేవబోయి కర్ర కోసం తడుముకున్నాడు. ఎవరో వచ్చి పర్శరాములు భుజం పట్టుకున్నారు. అతను విదిలించాడు. ఈ గోలలో సక్కుబాయి వరసల మధ్య నుంచి నడిచి ముందుకు పోయింది. ఆమెను ఆపాలని ఎవరికీ తోచలేదు. మీటల ముందు వంగింది. వేళ్లు మొదట వెతుక్కున్నాయి. ముందుగా తెర మీదివన్నీ చెరిపింది. తరువాత ఒక్కొక్కటే నొక్కింది. 'స' వచ్చింది. 'క' వచ్చింది, దాని కింద ఒత్తు, కొమ్ము. తన పేరు పూర్తయ్యాక కింద వరసలో పర్శరాములు పేరు కొట్టింది, దాని కింద కైలాసం పేరు. కొంచెంసేపు ఆగి, విద్యాధర్‌రావు వైపు చూసి, నాలుగో వరసలో ఆయన పేరూ కొట్టింది.

"మీ పేరు తీసెయ్యాల్నని మాకు లేదు సార్," అంది. "మీ పేరు కింద మమ్మల్ని బొంద పెట్టొద్దు అంటున్నం."

ఫోన్లు ఇంకా పైనే ఉన్నాయి. గెస్టు ఒకాయన చప్పట్లు కొట్టబోయి, పక్కవాళ్లు కొట్టకపోతే ఆపేశాడు. సభ టీ కోసం ఆపుతున్నామని ఎవరో చెప్పారు.

*

వారం తరువాత రుచిత ఫోటో పంపింది. పాత రేకు తీసేశారు. కొత్తది పెట్టారు. దాని మీద, "రూపకల్పన: శ్రీ విద్యాధర్‌రావు, బృందం" అని ఉంది. తనను వచ్చే ఏడు వేరే కాలేజీ చూసుకోమన్నారని కూడా రాసింది. చివర, "ఐనా నాకేం ఫికర్ లేదు సార్" అని ఉంది.

"బృందమట," అన్నాడు పర్శరాములు. ఫోను బల్ల మీద కొట్టబోయి ఆపుకున్నాడు.

సక్కుబాయి చాట పక్కన పెట్టి చీర మార్చుకుంది. "నడు," అంది.

కరీంనగర్‌లో బస్టాండు దగ్గర బండి నంబర్ల స్టిక్కర్లు చేసే దుకాణానికి పోయారు. ఏం రాయాలో పర్శరాములు చెప్పబోతే సక్కుబాయి అడ్డం వచ్చి తనే చెప్పింది. బోర్డు పర్శరాములు. అక్షరాలు సక్కుబాయి. డబ్బా కైలాసం. కంపెనీ, లైసెన్సులు విద్యాధర్‌రావు. అక్షరాల సైజు దగ్గర దుకాణదారుతో పది నిమిషాలు గొడవపడింది. కంప్యూటర్‌లో ఆయన ఎంచిన అక్షరాలు ఆమెకు నచ్చలేదు. 'ష' పొట్ట బాగాలేదంది. మూడోసారికి ఒప్పుకుంది.

"ఒకటి చాలా అమ్మా?"

"ఆరు చెయ్యి."

"ఆరు బండ్లా?"

"ఒక్కటే మిషను. పీకుతరు. పీకితే మల్ల పెడుతం."

మొదటిది అదే మధ్యాహ్నం రుచిత తలుపు తీస్తే పర్శరాములు అంటించాడు. కొత్త రేకు పక్కనే, దానికన్నా ఒక వేలు పైకి. సోమవారానికి పీకేశారు. రెండోది మరో వారం ఉంది. మూడోది అంటించే రోజు హాల్లో ఉన్న పిల్లలు నలుగురు వచ్చి, ఇదేంటని అడిగారు. పర్శరాములు మూత విప్పి చూపించటం మొదలుపెట్టాడు. సక్కుబాయి వాళ్లను పక్కకు జరగమని, ముందు తెర వెలిగించమంది.

మూడోది ఇంకా అక్కడే ఉంది. ఇంకో మూడు ఇంట్లో ఉన్నాయి.